పెంకెడు నిప్పు

మకరతీర రాజ్యానికి పడమటి కొసన ఒక జలపాతం ఉంది. నల్లరాతి కొండ నెత్తి మీద నుంచి పాలపొంగులా దూకి, నడుముకు ఇంద్రధనుస్సును వడ్డాణంలా చుట్టుకుని, అడుగున ముత్యాలు వెదజల్లుతూ పారుతుంది. ఎందరో కవులు దాన్ని చూసి పద్యాలు చెప్పి కానుకలు పట్టుకుపోయారు. దాని వెనకాల ఏముందో ఒక్కరూ చెప్పలేదు. దాని వెనకాల పాతాళచెర ఉంది.

చంద్రప్రభ రాణి పట్టాభిషేకం జరిగిన మర్నాడు పొద్దున్నే ఆ చెర తలుపు తెరుచుకుంది. తాళాలు తీయడంలో ఆ రాజ్యంలో సాటిలేని బూసన, తీయకుండానే తెరుచుకున్న తలుపు ముందుకు వచ్చి, గడపకు ఇవతల ఆగాడు.

కావలివాడు కాసేపు చూశాడు.

"పోవేమిరా?"

"నడువు అనలేదు కదయ్యా."

"నిన్ను విడిచిపెట్టేసినారు. ఇంక నీకు నడువు అని చెప్పేవాడెవడూ ఉండడు."

"అట్లాగేనయ్యా," అని బూసన అక్కడే నిలబడ్డాడు.

కావలివాడు నెత్తి బాదుకుని, "నడువు," అన్నాడు. బూసన గడప దాటాడు.

పాతాళచెరలో గదికొక గడప, గడపకొక కొరడా. 'నడువు' అన్న మాట వినపడకుండా దాటినవాడి వీపూ మడమలూ చిట్లుతాయి. బూసన ఆ సంగతి మొదట వీపుతో నేర్చుకున్నాడు. ఆ తర్వాత కాళ్లే గుర్తుపెట్టుకున్నాయి.

బయట అతని చేతిలో ఒక కుండపెంకు పెట్టారు. మకరతీరంలో చెర విడిచినవాడికి ఇచ్చేది అదొక్కటే. ఆ పెంకు పట్టుకుని వాడు సొంత ఊరికి పోవాలి. పొద్దు గూకేలోగా ఏ ఒక్క ఇంటివాళ్లయినా తమ పొయ్యిలోని నిప్పు తీసి అందులో వేస్తే, వాడు మళ్లీ ఊరివాడు. ఆ నిప్పుతో పొయ్యి రాజేసుకుని బతకవచ్చు. మళ్లీ తప్పు చేస్తే నిప్పిచ్చినవాళ్లది పూచీ. ఎవరూ ఇవ్వకపోతే పొలిమేర దాటి పోవాలి. ఈ కట్టుబాటు పెట్టిన పూర్వపు రాజు దయామయుడని శాసనాల మీద ఉంది. శాసనాలు చెక్కించినవాడూ ఆయనే.

దారి మలుపులో ఒక పడుచువాడు కుండల గాడిదను పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అన్నా, ఏ ఊరు?"

"కొలిమిగుంట."

"నేనూ అటే. కలిసి పోదామా?"

బూసన గాడిదను చూశాడు. తర్వాత మనిషిని చూశాడు.

"కుండల మధ్య గడ్డి పెట్టలేదు. ఊరు చేరేసరికి నీ దగ్గర మిగిలేవి ఇట్లాంటి పెంకులే," అని తన చేతిలోది చూపించాడు. "ఉంగరం తీసిన వేలు తెల్లగా ఉంది. దొంగవా?"

"కాదు."

"అయితే రాజు మనిషివి. ఈ రెండు రకాలవాళ్లే వేషం వేసుకుని తిరిగేది."

పడుచువాడు సిగ్గుపడి నవ్వాడు. అతను రాణి తమ్ముడు ఉదయభద్రుడు. కత్తిసాములో గట్టివాడు, మారువేషాలంటే ప్రాణం. ఎన్నడూ ఏ వేషమూ ఎవరినీ మోసం చేయలేదు. అయినా మానుకోలేదు.

నడుస్తూ అతను చెప్పిన సంగతి ఇది. చెర విడిచినవాళ్లలో నిప్పు దొరకనివాళ్లు పొలిమేర దాటి ఎటు పోతున్నారో ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. రాణి అడిగింది. వాళ్లు ఎక్కడికీ పోవడం లేదు. కాలజిహ్వుడనే మాంత్రికుడు, నిప్పు దొరకనివాడు ఏ ఊరి పొలిమేరకు వస్తే అక్కడ ఒక మేడ మొలిపిస్తున్నాడు. పేరు అందరిల్లు. తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది. వాడు రమ్మని పిలవకూడదు, మెడ పట్టి నెట్టకూడదు. పిలిచాడో, మంత్రం చెడుతుంది. మనిషి తన కాళ్లతో తానే గడప దాటాలి. దాటినవాడు వాడి శిలామంత్రానికి రాతిస్తంభమై ఆ మేడను మోస్తాడు.

"ఇంటి పొయ్యిలోని నిప్పు చేతిలో ఉంటే మాత్రం ఆ మేడ ఏమీ చేయలేదు. అది ఆరనంతవరకే," అన్నాడు రాకుమారుడు. "ఒక్కణ్ణయినా ఇల్లు చేర్చి రమ్మని మా అక్క పంపింది. నీకు నిప్పు ఇప్పించడం చిటికెలో పని. నేనే రాజేసి ఇస్తాను."

"మీకు పొయ్యి ఉందా బాబూ?"

"వంటశాల ఉంది."

"కొలిమిగుంటలో ఉందా?"

రాకుమారుడు గాడిదను అదిలించాడు.

అంతలో ఆకాశం మసకబారింది. తలెత్తి చూస్తే మబ్బు కాదు, రాబందుల గుంపు. కొలిమిలోంచి అప్పుడే తీసినట్టు ఎర్రగా మెరిసే ఇనుపముక్కులు, చేటల్లాంటి రెక్కలు, రంపాల్లాంటి గోళ్లు. బూసనను పొద్దు గూకేదాకా దారిలోనే ఆపమని కాలజిహ్వుడు పంపినవి. మొదటిది దూసుకువచ్చి రాకుమారుడి తలపాగా ఎగరేసుకుపోయింది. రెండోది గాడిద చెవి కొరికింది. రాకుమారుడు కత్తి దూసి ఒకదాన్ని నరికేలోపు మరొకటి ఆ కత్తినే ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది.

బూసన గాడిద మీది పెద్ద కాగు ఒకటి తీసి తన తల మీద బోర్లించుకున్నాడు. ఇంకొకటి రాకుమారుడికి బోర్లించాడు. గాడిద తలకు రెండు కుండలు కట్టాడు. ఇనుపముక్కులు టకటకా కాగుల మీద పడుతుంటే, కాగుల్లో ఇద్దరు మనుషులు దారి కనపడక ఒకరినొకరు గుద్దుకుంటూ, వెనకాల కుండతల గాడిద ఓండ్రపెడుతూ, ఆ ఊరేగింపు కొండ దిగింది. రాబందులు చివరికి ముక్కులు వంకర్లు పోయి వెనక్కి తిరిగాయి.

కాగు పగిలి మెడకు దండలా మిగిలాక రాకుమారుడు అడిగాడు. "ఈ ఉపాయం ఎక్కడ నేర్చావు?"

"నేను చెరకు పోయింది దీనితోనే బాబూ."

కొలిమిగుంటలో ఊరుమ్మడి ఇత్తడి గుండిగ ఒకటి ఉండేది. ఏ ఇంట పెళ్లయినా అన్నం అందులోనే. చావడి గదికి తాళం వేసి దాచేవాళ్లు. బూసన ఆ తాళం తీసి, గుండిగ తల మీద బోర్లించుకుని, సాయంత్రం వీధి వెంబడే నడిచిపోయాడు. చూసినవాళ్లు గుండిగకు కాళ్లు వచ్చాయనుకుని దణ్ణం పెట్టారు. మొహానికి గుడ్డ కట్టుకున్న పరదేశి ఎవడో దాన్ని కొనుక్కుపోయాడు. మర్నాడే బూసన దొరికాడు. గుండిగ దొరకలేదు.

వాళ్లు ఊరు చేరేసరికి పొద్దు పడమటికి వాలింది.

మొదటి ఇంటాయన, "నిప్పా? మా పొయ్యి ఆరి శానాసేపయింది," అన్నాడు. ఆయన వెనక ఇంటికప్పులోంచి పొగ గుప్పుమంటోంది.

రెండో ఇంట ఒక ఇల్లాలు నడుం మీద చెయ్యి పెట్టుకుని వచ్చింది. "ఓహో, గుండిగ దొంగా. నువ్వు పోయినాక ఏమయిందో తెలుసునా నీకు? పెళ్లిళ్లకు పక్కూరు పాలవంకోళ్ల గుండిగ అడిగి తెస్తా ఉండాము. ఇస్తారు. ఎట్లా ఇస్తారు? మొదటి బంతిలో వాళ్ల ఊరోళ్లు కూర్చోవాలంట. ఊరు ఊరంతా వచ్చి కూర్చుంటారు. నా పెళ్లిలో నేను రెండో బంతి. మా ఆయన మూడో బంతి. పెళ్లికొడుకు అయ్యుండి చారునీళ్లతో తిన్నాడు."

"ఇప్పటికీ మరిచిపోలే," అని లోపల్నుంచి మొగుడి గొంతు వినిపించింది.

తలుపు పడింది. ఆ వీధిలో తలుపులన్నీ అట్లాగే పడ్డాయి. ఒక్క ముసలి నేతగాడు మాత్రం పెంకు వైపు చూసి, తలుపు బార్లా తీసి, మాట్లాడకుండా పొయ్యి దగ్గరికి పోయాడు. పట్టకారుతో మంచి కణిక ఒకటి తీసి పట్టుకున్నాడు. బూసన గడప బయట నిలబడ్డాడు. ముసలాయన లోపల ఎదురుచూశాడు. బూసన బయట ఎదురుచూశాడు. కణిక బూడిద పట్టింది. ముసలాయన రుసరుసలాడుతూ వచ్చాడు.

"చెరసాల గడప దాటినోడివి. నా గడప దాటేదానికి నామోషీనా?"

ఆ తలుపూ పడింది. రాకుమారుడు జుట్టు పీక్కున్నాడు.

"లోపలికి ఎందుకు పోలేదు?"

"నడువు అనలేదు బాబూ."

"మరి ఇంత దూరం నాతో ఎలా నడిచావు?"

"దారికి గడప ఉండదు కదా."

 రాకుమారుడు నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేక, తన వేషాల మూటలోంచి చీర తీశాడు.

ఇక మిగిలింది ఊరి చివరి ఇల్లు. అది బూసన అత్త అక్కసానిది. ఆ ఇంటికి తాను పోనని బూసన అన్నాడు. పెళ్లాం నాగసాని పోయిందని చెరలోకి వచ్చిన ఒకే ఒక్క కబురు ఆ ఇంటి నుంచి వచ్చిందే. అందులో ఇంకో మాట లేదు.

"నువ్వు గోడ వెనక ఉండు. నేను చూసుకుంటాను," అని రాకుమారుడు సోదెమ్మ వేషంలో వాకిట్లోకి నడిచాడు.

అక్కసాని చాప మీద ఎండుమిరపకాయలు తిరగేస్తోంది. ఎండిన చెరుకుగడలాంటి మనిషి. ఆ కళ్ల ముందు అబద్ధం చెప్పాలంటే ధైర్యం కావాలి. రాకుమారుడికి అది దండిగా ఉంది.

"సోది చెబుతానమ్మా సోది. తల్లీ, నీ ఇంటికి నిప్పు కోసం ఒకడు వస్తాడు. వాడికి ఇస్తివా, నీ ఇంట సిరులు..."

"మూతి మీద ఎండ తగలని చోటు తెల్లగా ఉండాది నాయనా," అంది అక్కసాని మిరపకాయల మీంచి చూపు తిప్పకుండా. "మీసం ఈ పొద్దే గొరిగించినావా?"

సోదెమ్మ కొంగుతో మూతి కప్పుకుంది.

"ఆ గోడ వెనకాల ఉండేవోణ్ణి రమ్మను. తల కనపడతా ఉండాది. వాడికి మొదట్నించీ దాక్కోవడం రాదు. రాని పనులే చేస్తాడు."

బూసన వచ్చి వాకిట నిలబడ్డాడు. పెంకు చాపబోయి, సగంలో ఆపాడు.

"అత్తా."

అక్కసాని ఒక తాలుకాయ ఏరి పారేసింది.

"నా బిడ్డ పోయిన పొద్దు, కొరివి పెట్టాల్సినోడు యాడని అడిగినారు. ఈ ఇంటి నిప్పు కుండలో పోసుకుని, ఊరంతా చూస్తా ఉంటే, మా తమ్ముడి కొడుకు ముందర నడిచినాడు. నువ్వు నడవాల్సిన దారి. ఆ పొద్దు ఈ నిప్పు నీ కోసం చూసింది. ఈ పొద్దు నువ్వు దాని కోసం వచ్చినావు."

బూసన పెంకు దించాడు. "కొమ్మసాని?" అని కూతురి పేరు మాత్రం అన్నాడు.

"పెళ్లి. వచ్చే వారం. మొదటి బంతి పాలవంకోళ్లది. పెండ్లికూతురు ఆఖరి బంతి. అదీ వాళ్ల నాయన పెట్టిన సారె." ఆమె లేచి చీర దులుపుకుంది. "పొద్దు వాలింది. పో."

పొలిమేర రాయి దగ్గరికి వాళ్లు చేరేసరికి సూర్యుడు కొండ భుజం మీద గడ్డం ఆనించాడు. రాయికి అవతల, నిన్నటిదాకా తుమ్మచెట్లున్న చోట, మేడ నిలిచి ఉంది. పగడాల పునాది, స్ఫటికపు గోడలు, నెమలికంఠం రంగు పలకల కప్పు. గవాక్షం గవాక్షానికీ నేతిదీపం. గాలి కదిలితే చిరుగంటలు మోగే తోరణాలు. మధ్యన, ఏనుగు అంబారీతో పట్టేటంత వాకిలి, దానికి గంధం పూసిన గడప. లోపల్నుంచి వేడన్నం వాసన, కమ్మటి పప్పు తాలింపు వాసన. కప్పు అంచున వంకరముక్కుల రాబందులు బారులు తీరి కూర్చుని, ఎప్పుడు పొద్దు గూకుతుందా అని మెడలు చాచి చూస్తున్నాయి. చేతిలో నిప్పు లేకుండా పొద్దు గూకాక గడప బయట మిగిలినవాడు వాటి పాలు.

వాకిట్లో కాలజిహ్వుడు పట్టుశాలువా కప్పుకుని నిలబడ్డాడు. ఒక్క నల్లటి నాలుక తప్ప చూడ్డానికి పెళ్లిపెద్దలా ఉన్నాడు.

బూసన నడుచుకుంటూ వచ్చి, గడపకు ఇవతల ఆగాడు.

కాలజిహ్వుడు చిరునవ్వు నవ్వాడు. కాసేపు అలాగే నవ్వాడు. ఆ తర్వాత నవ్వు మోయడం కష్టమైంది.

"చలిగాలి వీస్తోంది నాయనా. బయట నిలబడితే పడిశం పడుతుంది."

"అవునయ్యా."

"లోపల అన్నం ఉడికింది."

"వాసన వస్తా ఉందయ్యా."

"ఆకలిగా లేదూ?"

"ఉందయ్యా."

"మరి?"

"మరేముందయ్యా," అన్నాడు బూసన వినయంగా, చేతులు కట్టుకుని.

కాలజిహ్వుడి మేడ ముందు మనుషులు ఏడ్చారు, పరుగెత్తుకు వచ్చి దూకారు, మోకాళ్ల మీద పాకి దాటారు. ఇలా నిలబడినవాణ్ణి అతను చూడలేదు. నడవమని చెబుదామంటే మంత్రం పాడు. చెప్పకపోతే వీడు కదలడు.

రాళ్ల చాటు నుంచి చూస్తున్న రాకుమారుడికి సంగతి తెలిసింది. బూసనను ఊళ్లో నిలువునా ముంచిన జబ్బే ఇక్కడ కాపాడుతోంది. సోదెమ్మ వేషంలోనే ఉన్న అతను నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాడు.

మాంత్రికుడు అటు తిరిగాడు. "ఎవరమ్మా అక్కడ? వీడికేమైనా తెగులా?"

"నాకేం తెలుసు నాయనా. సోది చెప్పుకునేదాన్ని," అంది సోదెమ్మ, మగగొంతుతో.

సూర్యుడు గడ్డం దించాడు. ఒక రాబందు రెక్కలు విప్పింది. రాకుమారుడి నవ్వు ఆగిపోయింది. కత్తి కోసం నడుము తడుముకున్నాడు. అది ఎప్పుడో ఎగిరిపోయిందని గుర్తొచ్చింది.

అప్పుడు వెనక నుంచి పొగ వాసన వచ్చింది.

అక్కసాని వస్తోంది. ఒక చేతిలో కుండపెంకు నిండా ఎర్రటి నిప్పు. ఇంకో చేతిలో గుప్పెడు ఎండుమిరపకాయలు. అల్లుడు పొలిమేర దాటడం కళ్లారా చూసి, వాడి అడుగుల మీద మిరపకాయలు కాల్చి, ఇంటికీ ఊరికీ దిష్టి తీసి పోదామని వచ్చింది. కాలజిహ్వుడిని ఆమె లెక్కచేయలేదు. అతని భుజం పక్కగా మేడలోకి తొంగిచూసి, ఆగిపోయింది.

నడిమింటిలో, రాతిస్తంభాల మధ్య, మూడు పుర్రెల పొయ్యి మీద ఇత్తడి గుండిగ ఒకటి కుతకుత ఉడుకుతోంది. దాని పొట్టన పిడికిలంత సొట్ట ఉంది.

"నాగసాని చిన్నప్పుడు రోకలి జారవిడిచింది. ఆ సొట్ట అదే," అంది అక్కసాని. ఆ ఒక్క మాట మెత్తగా వచ్చింది. వెంటనే గట్టిపడింది. "ఏమయ్యా అల్లుడా, నువ్వు అమ్మింది వీడికేనా?"

"ఆ పొద్దు మొహానికి గుడ్డ ఉండింది అత్తా."

"పెద్దమ్మా, అది నేను న్యాయంగా కొనుక్కున్న..." అని కాలజిహ్వుడు మొదలుపెట్టాడు.

"నీతో మాట్లాడలేదు." ఆమె బూసన ముందుకు వచ్చింది. "పెంకు చాపు."

బూసన పెంకు చాపాడు. ఆమె తన పెంకులోని నిప్పంతా అతని పెంకులోకి ఒంపింది. మిరపకాయలూ పైన పడేసింది.

"క్షమించినాననుకోవద్దు."

"అనుకోను అత్తా."

"గుండిగ తెచ్చినాక కూడా క్షమించను."

"సరే అత్తా."

"కొమ్మసాని మొదటి బంతిలో కూర్చోవాల. ఇంకేం, గుడ్లప్పగించి నిలబడినావు?"

బూసన నిలబడే ఉన్నాడు. రాకుమారుడు చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చి ఆమె చెవిలో ఒక మాట చెప్పాడు. అక్కసాని అల్లుడి కాళ్ల వైపు చూసింది. వాటి మడమల మీది పాత కొరడా చారల వైపు చూసింది. 

"నడువు," అంది.

బూసన గడప దాటాడు.

అదే క్షణంలో మిరపకాయలు చిటపటమన్నాయి. ఘాటు పొగ సుడి తిరుగుతూ లేచి, మాంత్రికుడి ముక్కులోకి సూటిగా పోయింది. శిలామంత్రం ఎత్తుకోబోయిన కాలజిహ్వుడు మొదటి అక్షరం దగ్గరే తుమ్మాడు. రెండో అక్షరం దగ్గరా తుమ్మాడు. కళ్లవెంట ధారలు కట్టి, నల్లనాలుక బయటపెట్టి, తోరణాలు ఊగేటట్టు దగ్గుతూ స్తంభానికి కొట్టుకున్నాడు. అక్కసాని పొలిమేర రాయి మీద కూర్చుని తీరిగ్గా చూసింది. ఆ పొగకు ఆమె కన్ను తడవలేదు.

"తలుపు పట్టుకోండి బాబూ," అని బూసన లోపల్నుంచి కేక వేశాడు. రాకుమారుడు గాడిదను లాక్కొచ్చి వాకిలికి అడ్డంగా నిలబెట్టేలోపే తలుపులు రెండు వైపుల నుంచీ కదిలాయి. గాడిద మొండిగా కాళ్లు తన్నిపెట్టి నిలిచింది. తలుపులు దాని పక్కటెముకల మీద కిర్రుమంటూ ఆగాయి.

బూసన గుండిగ వైపు నడిచాడు. ఇరుపక్కలా స్తంభాలు. ఒక్కొక్క స్తంభానికి ఒక్కొక్క మొహం. కొన్ని మొహాలు అతనికి తెలుసు. ఒకే కొరడా కింద నడిచినవాళ్లు. పొయ్యి ఇంకో ఇరవై బారల దూరం ఉందనగా, కుడిపక్క స్తంభంలో రాతిపెదవులు కదిలాయి.

"అన్నా. కాస్త నిప్పు పెడతావా?"

బూసన పెంకులోకి చూశాడు. మిరపకాయలు కాలిపోయాయి. కణికలు కొన్నే ఎర్రగా ఉన్నాయి. అవి ఉన్నంతసేపే తను మనిషి; ఒక కణిక తగ్గితే ఆ మేరకు రాయి. పొద్దున్నించి తను ఎన్ని వాకిళ్ల ముందు ఈ మాటే అడిగాడో గుర్తొచ్చింది. వాళ్లు చెప్పిన జవాబులన్నీ నాలుక మీదికి వచ్చాయి. అవన్నీ మంచి జవాబులే.

వేళ్లు కాలుతుండగా ఒక కణిక తీసి ఆ రాతి అరచేతిలో పెట్టాడు.

"ఏ ఊరు నీది?" అని అడిగాడు.

రాయి పగుళ్లిచ్చింది. లోపల్నుంచి మనిషి ఊపిరి వినిపించింది. దాని వెనకే, ఆ వరసలోని చేతులన్నీ గరగరమంటూ ముందుకు చాచుకున్నాయి. వాకిట్లో దగ్గు ఆగి, మంత్రం మొదలైంది.

బూసన తర్వాతి అడుగు వేయబోయాడు. ఎడమకాలి బొటనవేలు నేలకు టంగుమని తగిలింది. అది రాయి అయింది.